ఎర్త్‌కు దూప

అమ్మలారా, అయ్యలారా, సంఘం హాలు నిండా కూర్చున్న మన వాడ నేతన్నలారా! మగ్గాలు బందుపెట్టి వచ్చారు. ఇంతమందిమి బాలనర్సమ్మ పెద్దమ్మ బతికుండగా ఒక్కసారి ఆ కరెంటు స్తంభం కింద నిలబడి ఉంటే, ఇవాళ ఆమె ఫొటోకు దండ వేసే పని పడేది కాదు. తీపి మాటలు నాకు రావు. ఇండ్లల్లో వైరింగ్ చేసేవాణ్ని. షాకులు తిని నేర్చుకున్న పని. ఉన్నదున్నట్టు చెబుతాను.

ఎండలు ముదురుతుండగా పెద్దమ్మ నన్ను పిలిచింది. మగ్గం మీది బల్బు గుడ్డిగా వెలుగుతోంది. "ఓ సిద్దిరాములూ, ఫ్యాను రెక్కల మీద ఈగలు కూసొని సవారీ చేస్తున్నయి, జర సూడు బిడ్డా" అన్నది. నల్లగొండ నుంచి కొత్త కండెన్సర్ తెచ్చి వేశాను. అదే నడక. స్విచ్చులు విప్పాను, అతుకులు చూశాను. ఆఖరుకు ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగింది; వెలగాల్సింది ఒక్కదాంట్లోనే. తప్పు ఇంట్లో లేదు, స్తంభం మీద ఉంది. కరెంటు ఒక తీగలో వస్తుంది, ఇంకో తీగలో తిరిగి పోతుంది. ఆ పోయే తీగ గాలిదుమారానికి తెగింది. కరెంటేమో ఆమె వాకిట్లో పాతిన ఇనుప కడ్డీ, ఆ ఎర్త్ రాడ్డులోంచి మట్టిలోకి పోతోంది. వరుస ఇండ్లన్నిటికీ ఆ ఒక్క రాడ్డే దిక్కు.

కరెంటాఫీసుకు పోయాం. ముందు నడిచింది పెద్దమ్మే. అక్కడి సారు ఏమన్నాడు? "ఎండకు మన్నెండింది, ఎర్త్‌కు దూపైతాంది. బకెట్‌తోని నీళ్లు పొయ్యిండ్రి, ఫ్యాను ఉరుకుతది" అన్నాడు. "మరి మా నల్లాకు దూపైతే ఎవ్వలు పోస్తరు సారూ?" అన్నది పెద్దమ్మ. అందరం నవ్వాం. నవ్వి ఇంటికొచ్చి, పోశాం. తడిసిన మట్టి కరెంటును గుంజుకుంది, ఫ్యాను నిజంగానే ఉరికింది. అదే మన కొంప ముంచింది. ఉరకకపోయి ఉంటే కొట్లాడేవాళ్లం కదా?

ఇక వాడంతా ఒకటే కేక. "బాలనర్సమ్మా, ఎర్త్‌కు దూపైనట్టుంది, జర పొయ్యరాదూ!" ఆమె పోసేది. "తులసమ్మకు చెంబెడు, ఎర్తమ్మకు బకెట్లు. గిదేం మొక్కో!" అనేది. రాడ్డులో కరెంటు పారుతుంది, ఆ తడిలో కాలు పెట్టకు అని నేనంటే, "మరి ఎవ్వల కాలు పెట్టాలెరా?" అన్నది.

మొన్న పొద్దున అన్ని ఇండ్లల్లో కూలర్లు తిరుగుతున్నాయి. వాటన్నిటి కరెంటూ పారుతున్న ఆ రాడ్డుకు, నీళ్లు పోస్తున్న పెద్దమ్మ చేతిలోని ఇనుప బకెట్ తగిలింది. దవాఖాన చేరకముందే పెద్దమ్మ పోయింది. ప్రమాదం అని రాసుకున్నారు. ప్రమాదమా? పొయ్యమన్నదెవరు? పొయ్యమని కేకేసిందెవరు? రాష్ట్రం వచ్చింది, ఇరవై నాలుగు గంటలూ కరెంటు వచ్చింది. వచ్చే కరెంటుకు చప్పట్లు కొట్టాం. అది తిరిగి పోయే దారి తెగితే, ముసలామె ఒంట్లోంచి దారి వేశాం.

ఆమెను సాగనంపి వచ్చిన సాయంత్రం ఆ రాడ్డు చుట్టూ మట్టి మళ్లీ తడిగా ఉంది. ఎవరో పోశారు. పేరు అడగను. తల ఎవరు దించారో కనబడుతూనే ఉంది.

ఇప్పుడు మన నెత్తిమీది ఫ్యాన్లు కూడా ఆ రాడ్డు మీదే తిరుగుతున్నాయి. చల్లగా ఉందా? నేను ఈ హాలు మెయిన్ స్విచ్చు బందు చేస్తున్నాను. స్తంభం మీద తీగ అతికేదాకా ఈ వాడలో ఎవరూ స్విచ్చు వేయొద్దు, ఏ తల్లీ బకెట్ ఎత్తొద్దు. ఉక్క పోస్తుంది. పోయనీ. ఇకమీదట ఇక్కడ పోసేది అదొక్కటే.

పెద్దమ్మ కోసం లేవండి. రెక్కలు ఆగేదాకా, ఆగిన తర్వాత కూడా, ఎవరూ మాట్లాడకండి.