నీలం కోటు దెయ్యం

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, ఆ సంగతి మీకు తెలుసు" అన్నాడు మలకీ.

తెలుసు. అందుకే మాంసం కొట్టు టైగ్ గ్లాసు నింపించుకుని మరీ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చర్చిలో ఆదివారం పూజ అయ్యాక వానకి ఎటూ పోలేక సోర్కా బార్‌లో పొయ్యి ముందు చేరాం. మలకీ ఒంటి మీద నీలం ఉన్ని కోటు. ఒళ్ళంతా చెమట పడుతున్నా విప్పడు. మా పారిష్ హాల్లో నాటకం ఆడి వారం దాటింది. అందులో దెయ్యం వేషం అతనిదే, ఆ కోటు ఆ వేషానిదే. పడవ మునిగి చనిపోయిన జాలరి ఒకడు, చచ్చినవాళ్ళు ఇళ్ళకొస్తారనే ఆత్మల పండగ రాత్రి, తన ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళిపోతాడు. అంతే వేషం. తెర చాటున పుస్తకం పట్టుకుని డైలాగులు అందించినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను, ఆ దెయ్యానికి ఒక్క మాట కూడా లేదు. ఆ బాకీ అంతా ఇప్పుడు తీరుస్తున్నాడు కాబోలు.

"అసలు ఆ వేషం బడి మాస్టారు వేయాల్సింది. పాపం, ఆయనకి గొంతు పట్టేసింది."

"మాటల్లేని వేషానికి గొంతెందుకురా?" అన్నాడు టైగ్.

"దగ్గురా బాబూ, దగ్గు! దెయ్యం దగ్గితే బాగుంటుందా? మధ్యలో అడ్డు రాకు. ఎక్కడున్నాను? ఆఁ, గుమ్మంలో నిలబడ్డా. చేసిందల్లా అంతే, నిలబడటం. హాల్లో ఊపిరి చప్పుడు లేదు. ఈ సోర్కా వదిననే అడగండి, రెండో వరసలో కూర్చున్న మనిషి గబాల్న లేచి నిలబడిపోయింది. అవునా కాదా వదినా?"

సోర్కా బల్ల వెనకాల గ్లాసులు తుడుస్తోంది. "లేచాను" అంది, అంతే.

"విన్నారా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? హాలు గోడ మీద గడియారం ఆగిపోయింది."

"అది నా పెళ్ళికి ముందే ఆగిపోయింది" అన్నాను నేను.

"ఆగిన గడియారం మళ్ళీ ఆగిందంటే ఎంత భయపడిందో చూసుకో ఫెస్టీ! అక్కణ్ణుంచి పొయ్యి వైపు నడిచాను. నడవడమంటే మనం నడిచే నడక కాదు, కాలు నేల మీద ఆనిందో లేదో నాకే తెలీదు, నా వెనకాలే చలి, ఏం చలి అనుకున్నారు, ఫాదర్ గారు జేబులోంచి పవిత్ర జలం సీసా తీస్తే గడ్డ కట్టేసి ఉంది, ఆయన దాన్ని తలకిందులు చేసి నాటకం అయ్యేదాకా తడుతూనే ఉన్నారు. డబ్లిన్ నుంచి మార్కులేయడానికి జడ్జి వచ్చాడే, ఆయన పెన్నులో సిరా భయంతో తెల్లబడిపోయింది. అందుకే మనకి మార్కులేం కనబడలేదు."

"సున్నా అలాగే కనబడుతుంది" అన్నాడు టైగ్.

"నవ్వు, నవ్వు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం! మునిగినవాడొకడు తప్పించుకుని ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకున్నాడని దానికి కబురందింది. ఆటు వేళ పోటు లేచింది. రేవు దాటింది, రోడ్డు దాటింది, హాలు మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగి చూసింది. నేను తల తిప్పి ఇలా ఒక్క చూపు చూశాను. నోరెత్తకుండా వచ్చిన దారినే పోయింది. మర్నాడు మెట్ల మీద పీతలున్నాయా లేవా?"

"అవి నా బుట్టలోంచి జారినవి" అన్నాను.

"జారాయా, ఎవరైనా జార్చారా? ఇంకా వినండి. సముద్రానికే అందిన కబురు కొండ మీద శ్మశానానికి అందదా? చచ్చినవాళ్ళంతా లేచి వచ్చారు. టిక్కెట్లు అయిపోయాయి కదా, మర్యాదస్తుల్లా వెనక గోడ వారగా నిలబడ్డారు. బతికుండగా హాలు కమిటీతో గొడవపడ్డవాళ్ళు మాత్రం, చచ్చినా లోపలికి రామని కిటికీ బయటే నిలబడి చూశారు. మా తాతయ్యయితే 'ఒరేయ్, నడుము నిటారుగా పెట్టి కూర్చో' అని అక్కణ్ణుంచే అరిచాడు!"

మేం పడీపడీ నవ్వుతున్నాం. ఆ ఊపులో టైగ్ నోరు జారాడు.

"అయితే మన కోల్‌మన్ కూడా వచ్చాడా?"

నవ్వు ఠక్కున ఆగిపోయింది. కోల్‌మన్ సోర్కా భర్త. రెండేళ్ళ కిందట పడవ మునిగి పోయాడు. శవం కూడా దొరకలేదు. టైగ్ తల దించుకున్నాడు. ఇంకొకడైతే వాన గురించి మాట్లాడేవాడు, కానీ మలకీ నోటికి ఆగడం అలవాటు లేదు.

"వచ్చాడు. ఎందుకు రాడూ? ముందు వరసలో కూర్చుని..."

సోర్కా గ్లాసు కింద పెట్టింది. "ఏం బట్టలు వేసుకున్నాడు?"

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

"బట్టలా వదినా... అంటే... హాల్లో చీకటి కదా..."

"వేసుకోవడానికి ఆయనకేం లేదు మలకీ. ఆయన కోటు నీ ఒంటి మీదుంది."

మలకీ చేయి బొత్తాల మీదికి పోయింది.

"ఇంట్లో దాన్ని చూడలేక నేనే నాటకాల పెట్టెలో పడేశాను. ఆ రోజు నీ నటన చూసి లేచాననుకున్నావా? ఆ కోటు గుమ్మంలోకి వచ్చింది. అందుకే లేచాను."

మాకప్పుడు తట్టింది. మా తీరంలో ఒక ఆచారం ఉంది, చనిపోయినవాడి బట్టలు ఎవరైనా తొడుక్కుని వరసగా మూడు ఆదివారాలు పూజకి రావాలి. అప్పుడే అవతలి లోకంలో అతని ఒంటి మీద బట్ట ఉంటుంది. అది తోడబుట్టినవాళ్ళు చేసే పని, కోల్‌మన్‌కున్న ఒక్క తమ్ముడూ అదే పడవలో పోయాడు. మునిగినవాడి కోటు వేసుకుంటే సముద్రం గుర్తుపట్టి లాక్కుపోతుందని జాలర్లకి భయం. అందుకే ఆవిడ ఎవర్నీ అడగలేదు. అడక్కుండా ఎవరూ ముందుకు రాలేదు.

"ఒట్టు వదినా, నాకు తెలీదు" అంటూ మలకీ పై బొత్తం విప్పాడు. "ఇప్పుడే ఇచ్చేస్తాను."

"విప్పకు!" సోర్కా అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "నీ గొప్ప కోసమే వేసుకున్నావో, చలికే వేసుకున్నావో. నాటకం మర్నాడు పూజకి దాంతోనే వచ్చావు. ఇవాళా వచ్చావు. వారం నుంచీ నీ కోతలన్నీ ఓర్చుకుంటున్నది దాని కోసమే. ఇంకొక్క ఆదివారం రా నాయనా. రెండేళ్ళుగా ఆయన చలికి వణుకుతున్నాడు." అని ఏడ్చేసింది.

మలకీ బొత్తం మళ్ళీ పెట్టుకున్నాడు. పొయ్యికేసి చూస్తూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. నాటకంలో కూర్చున్నదానికంటే ఇదే బాగుంది.

"పూజలో అన్న ఎక్కడ కూర్చునేవాడు వదినా?"

"చివరి బల్ల, స్తంభం చాటున. ఫాదర్ గారు ప్రసంగం మొదలెట్టగానే నిద్రపోయేవాడు."

"అదైతే నేను నటించక్కర్లేదు" అన్నాడు మలకీ.

సోర్కా గ్లాసులు తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ పూట మలకీ చెప్పినవాటిలో కోత లేని మాట అదొక్కటే.