థర్మామీటరు కూత

పుర్బలింగా ఊరి ఆసుపత్రిలో పిల్లల వార్డు బయటి బల్ల. ఆ చివర అత్త కార్సినా, ఈ చివర కోడలు రుమి, మధ్యలో ఎవరూ విప్పని అన్నం పొట్లం. పొద్దున కోడలు పనికెళ్ళిన కాసేపటికే ఆమె నాలుగేళ్ళ కొడుకు బగస్‌కి జ్వరంతో ఒళ్ళు కాలిపోయి ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు లోపల సెలైన్ ఎక్కుతోంది, పిల్లవాడు నిద్రపోతున్నాడు.

"అది కాదత్తా, జ్వరానికి ఉల్లిపాయ రాసినందుకు ఫిట్సు రావు. డాక్టరమ్మ చెప్పింది కదా."

"నూనెలో దంచి వీపంతా నేనే రాశాను."

"ఈ ఊళ్ళో రాయనిదెవరు? మా అమ్మ నాకు రాయలేదూ? పొట్లం విప్పు. వేయించిన టెంపే సోయా ముక్కలున్నాయి, నీకిష్టం కదా."

"నువ్వు తిను."

"నాకాకలి లేదు."

"నాకూ లేదు. మావాడు దార్తో బయల్దేరాడా?"

"లారీలో సరుకు దింపేసి వస్తానన్నారు. సాయంత్రానికి వచ్చేస్తారు."

"ఇంకేమన్నాడు?"

"ఏమంటారు, వస్తానన్నారు."

"ఫోను చెవికి ఎంత అదుముకున్నా వాడి గొంతు నాకు వినపడింది లేవే. నా చెవులకేం రోగం లేదు."

"కోపంలో ఏదో అంటారు. అమ్మని బన్యుమాస్‌లో అక్క దగ్గరికి పంపేద్దాం, పిల్లాణ్ని ఇక అమ్మ చేతికివ్వొద్దు అన్నారు. చల్లారాక ఆయనే మర్చిపోతారు."

"మర్చిపోడు. మర్చిపోకూడదు కూడా."

"నువ్వేం చేశావని? జ్వరం చూశావు, ముప్పయ్యారున్నరే, జ్వరం లేదు అన్నావు. ఆ మాటే ఆయనకీ చెప్పాను."

"చెప్పేశావా?"

"చెప్పాను. నేను వెళ్ళేటప్పుడు జ్వరం లేదు, థర్మామీటరు పెట్టి చూశాం అని."

"రుమీ, మందుల షాపులో పెద్ద అంకెలది కూడా ఉందన్నావు కదూ?"

"ఉంది. నుదుటికి గురిపెట్టే తుపాకీ లాంటిది. చెమట పట్టినా, ఫ్యాను గాలి తగిలినా తేడా చూపిస్తుందంది షాపావిడ. చెవిలో పెట్టేదైతే వీడు తల తిప్పేస్తాడు. అందుకే చంకలో పెట్టేది తెచ్చాను. కొస మెత్తగా ఉంటుంది, వంగుతుంది."

"అంకెలు మాత్రం చీమ తలకాయంత."

"ఇప్పుడు దాని గొడవెందుకత్తా?"

"చంక తుడిచే పెట్టాను. చెయ్యి ఒంటికి అదిమి పట్టుకున్నాను. కూసేదాకా తియ్యలేదు. నువ్వు చెప్పినవన్నీ చేశాను."

"చేశావు. కాదన్నానా?"

"అంకె ఒక్కటే చూడలేదు."

"పొట్లం చల్లారిపోతోంది."

"మాట తప్పించకు. ఆ పెట్టుడు కనురెప్పల ఫ్యాక్టరీలో వెంట్రుకలు ముడేసీ ముడేసీ నా చూపెప్పుడో పోయింది. దగ్గరున్నదేదీ ఆనదు. చెబితే పిల్లాణ్ని నాకు వదలరని నోరు మూసుకున్నాను. పొద్దున నువ్వు హెల్మెట్ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. ఇంకొక్క రోజు మానేస్తే పనిలోంచి తీసేస్తారని రాత్రంతా ఏడ్చావు. ఎంతుందత్తా అన్నావు. నేను నీ మొహం చూసి అంకె చెప్పాను."

"ఊరుకో అత్తా."

"ఊరుకోను. ఈ నిప్పు ఒళ్ళో పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాను? వాడు రాగానే చెప్పేస్తాను. చూపు లేదని దాచి, నీ కొడుకు ప్రాణం మీదకి తెచ్చానని చెప్పేస్తాను. బన్యుమాస్ పొమ్మంటే పోతాను. నీ మీదకేం రాదు."

"చెప్పకు."

"ఎందుకు చెప్పొద్దు? తప్పు నాదైతే..."

"అత్తా, అదెలా కూసింది?"

"ఏది?"

"థర్మామీటరు. నీ చెవులకేం రోగం లేదన్నావుగా. ఎలా కూసింది?"

"గబగబా కూసింది, తల్లి తప్పిపోయిన కోడిపిల్లలాగా. బ్యాటరీ అయిపోతోందేమో అనుకున్నాను."

"జ్వరం లేకపోతే ఆగి ఆగి కూస్తుంది. ఉంటేనే అలా గబగబా కూస్తుంది. కొనేటప్పుడే షాపావిడ చెప్పింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పలేదు."

"అదే ఎందుకని?"

"ఆ గబగబా కూత గుమ్మం దాకా వినపడింది అత్తా. నీకు అంకెలు ఆనవనీ నాకు తెలుసు. నువ్వు ఏరిన బియ్యంలో రాళ్ళు రోజూ మళ్ళీ ఏరేది నేనేగా. అందుకే లోపలికొచ్చి చూడలేదు, నిన్నడిగాను."