ఆపోయ్ అంటే ఆపమని

మా అన్న దండాసి తనను పైకి లాగమని తానే అరిచాడనీ, తన చావుకు తనదే తప్పనీ కంపెనీ రాసింది. అది అబద్ధం. మా అన్న ఆపమన్నాడు.

నా పేరు సత్తిబాబు. గుర్తింపు కార్డు మీద బర్మా పేరు వేరే ఉంది, ఇంట్లో ఇదే. వయసు ఇరవై నాలుగు. తండ్రి లేడు. తల్లి తులసమ్మ. ఉండేది యాంగోన్‌లో, పజుండౌంగ్ వాగు పక్క వీధిలో. చేపలు కోసే పని, ఇప్పుడు అదీ లేదు. బడి నాలుగో తరగతితో సరి. తెలుగు మా అమ్మమ్మ భజన పుస్తకం చూసి నేర్చుకున్నాను. గొడవంతా ఒక తెలుగు మాట గురించి కాబట్టి ఈ వాంగ్మూలం తెలుగులో నా చేత్తోనే రాస్తానన్నాను. మేజిస్ట్రేటు గారు ఒప్పుకున్నారు.

కిందటేడు మార్చిలో ఇక్కడి కంపెనీ ఏజెంటు మా ఇద్దరినీ చేపల పనికి ఉత్తరాన చాలా దూరంలో ఉన్న ఒక దీవికి పంపాడు. అక్కడ చెట్టు లేదు. రాయి, గడ్డి, గాలి, చేపలు. ఎండాకాలం పొద్దు గుంకదు. కొండ చరియ నిండా పక్షులు గుడ్లు పెడతాయి, వాటి గోలలో గట్టిగా అరిస్తే తప్ప మాట వినబడదు. చేపల పేగుల కోసం రేవులోకి సీల్ అనే మీసాల నీటిజంతువు ఒకటి వచ్చేది. దాన్ని చూసి అన్న, "ఒరే సత్తీ, ఇదేట్రా, నరసమ్మ పెద్దమ్మ నాగే సూస్తంది" అనేవాడు. నరసమ్మ పెద్దమ్మ మా పక్కింటావిడ. ఆమెకు చెప్పొద్దని కూడా అనేవాడు.

పడవ అడుగున అన్న చేపల తొట్టెకు గొలుసు తగిలిస్తాడు. గట్టు మీద క్రేన్ నడిపేది కో మిన్, యాంగోన్ నది అవతల దలా ఊరి మనిషి, బర్మీయుడు. అతనికి పడవ అడుగు కనబడదు. వినబడిన మాటను బట్టి ఎత్తుతాడు. అన్నకు బర్మీస్ బాగా వచ్చు. కానీ గాభరా పడితే నోట్లోంచి తెలుగే వస్తుంది. జూన్‌లో ఒకసారి తొట్టె ఒరిగితే "ఆపోయ్" అని అరిచాడు. తొట్టె పైకి లేచింది. బర్మీస్‌లో "అపో" అంటే పైకి. దెబ్బ తగల్లేదు కనుక అందరం నవ్వుకున్నాం.

నవ్వాక నేను మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. అతను ఆ దీవివాడే. గట్టు అంచున జెండా ఇచ్చి ఒక మనిషిని నిలబెట్టమన్నాను. "భయమేసినప్పుడు కూడా ఇంగ్లీషులోనే అరవమను" అన్నాడు. జెండా రాలేదు.

జూలై ఇరవై నాలుగు, ఆషాఢ అమావాస్య, పొద్దున తొమ్మిదిన్నర. నేను గట్టు పక్కన దండేల మీద చేప తలలు ఆరబెడుతున్నాను. అన్న చేయి గొలుసులో ఇరుక్కుంది. "ఆపోయ్" అన్నాడు. గొలుసు లేచింది. "ఆపోయ్" అన్నాడు. ఇంకా లేచింది, దాంతో పాటు అన్నా గాల్లోకి లేచాడు. చేప తల చేతిలో ఉండగానే పరిగెత్తాను. నేను చేరేలోపే అన్న అంత ఎత్తు నుంచి పడవ అంచు మీద పడ్డాడు. మళ్లీ మాట్లాడలేదు. కో మిన్ తప్పు లేదు. అతని చెవికి వినబడిందే చేశాడు. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని ఏడుస్తాడు.

దహనం చేద్దామన్నాను. కట్టెలు లేవన్నారు. అక్కడ చెట్టు లేదు. పూడ్చారు.

"పైకి లాగమని మృతుడే ఆదేశించాడు" అని కంపెనీ రాసి పంపింది. అది విని మా గుడి పూజారి గారు, తన చేతులారా తెచ్చుకున్న చావైతే సంవత్సరీకం ఎలా చేయించాలో ఆలోచించాలన్నారు. అప్పటి నుంచి అమ్మ ఒక్కటే అడుగుతోంది: "ఆపమంటే సంపేత్తారేట్రా?"

ఇందాక ఈ గదిలో ఏజెంటు, అక్కడున్న అందరికీ "పైకి" అనే వినబడింది, కాబట్టి అదే అన్నాడని వాదించాడు. నేను లేచి అన్న అరిచినట్టే అరిచాను. ఏం వినబడిందని మేజిస్ట్రేటు గారు గుమాస్తాను అడిగారు. గుమాస్తా బర్మీయుడు. "పైకి" అన్నాడు. నీళ్ల సీసాతో లోపలికి వస్తున్న మా అమ్మ మాత్రం ఆ అరుపుకు గడప మీదే ఆగిపోయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. అందరూ చూశారు.

కంపెనీ ఆ వాక్యం కొట్టేయాలి. దండాసి ఆపమన్నాడు, ఆ మాట అర్థమయ్యే ఏర్పాటు మేము చేయలేదు అని రాయాలి. ఆషాఢ అమావాస్యకు సంవత్సరీకం. ఈ నెల ముప్పైలోగా నాకు కాగితం మీద జవాబు కావాలి.

ఇందులో ఉన్నది నేను చూసిందీ, నా చెవులతో విన్నదీ. ఎవరూ బెదిరించి రాయించలేదు, ఎవరూ నేర్పలేదు. రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఒక్క మాటా మార్చొద్దంది.

యాంగోన్, జూన్ తొమ్మిది.

(సంతకం) సత్తిబాబు
సాక్షి: తులసమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర