పదిహేనో సెలవు

హైస్కూల్లో పెద్దమేడం గది. బడి మొదలై అరగంటయింది. గుమ్మంలో అటెండరు తాత. గంట కొట్టడం అతని ఉద్యోగం, కోతలు కొయ్యడం అలవాటు.

"...అది కాదు మేడం, నా మాట పూర్తిగా వినండి. పదో తరగతి బి సెక్షన్లో నలభై రెండుమంది పిల్లలా, మూడో పీరియడ్లో టీచరు లేరా, అయినా ఒక్కడు నోరు విప్పడు. నిన్నయితే కిటికీలోంచి ఓ పిట్ట వచ్చి, ఒక్కొక్కడి నెత్తిమీదా కాసేపు వాలి, హాజరు తీసుకుని వెళ్లిపోయింది."

"పిట్ట హాజరు తీసుకుందా."

"నా కళ్లతో చూశాను. నలభై రెండూ సరిపోయాయి."

"సరే. ఇవాళ సోషల్ టీచరు రాలేదు కదా?"

"రాలేదు. వాళ్ల పాపకి జ్వరమట."

"ఆవిడ పీరియడ్లు సర్దాను. ఆరో తరగతికి డ్రిల్లు మాస్టారు. ఎనిమిదికి తెలుగు మేడం. ఏడుకి సైన్సు మాస్టారు, ఆయన ఖాళీయేగా."

"ఆయన ఖాళీ లేనిదెప్పుడు గనక."

"వెటకారం ఆపి, ఈ పుస్తకం తీసుకెళ్లి అందరిచేతా సంతకాలు పెట్టించుకురా."

"పెట్టిస్తాను. మరి పదో తరగతి బి, మూడో పీరియడ్? ఇవాళ కూడా ఆ గడి ఖాళీగానే వదిలేశారు."

"చూస్తాను."

"నిన్నా చూస్తానన్నారు."

"చూస్తానన్నానుగా తాతా."

"ఇంక చూడ్డానికేముంది మేడం? లెక్కల మాస్టారు పోయి పద్దెనిమిది రోజులు. పబ్లిక్ పరీక్షలకి పట్టుమని పది వారాలు లేవు. పోస్టు ఖాళీ అని మీరు రాసి పంపితేనేగా పైవాళ్లు ఇంకో మనిషిని వేసేది? గుమాస్తా కాగితం టైపు కొట్టి మీ బల్లమీద పెట్టి నాలుగు రోజులైంది. ఇవాళే ఆఖరు. పది గంటలకి టపా వెళ్లిపోతుంది. ఇవాళ దాటితే ఆ పిల్లలకి ఈ ఏడాది లెక్కల మాస్టారు లేనట్టే."

"ఇదంతా నిన్నెవరు చెప్పమన్నారు?"

"స్టాఫ్ రూములో అందరూను. మీ ముందు వాళ్లకి నోరు పెగలదు. నాకేమో నోరు ఆగదు."

"ఆగకపోతే వేరే చోట వాగు. నాకు పనుంది."

"ఏం పని? వచ్చిన దగ్గర్నుంచీ ఆ పెన్ను మూత తీస్తున్నారు, పెడుతున్నారు. వాళ్లు అల్లరి చెయ్యకపోవడం బుద్ధి వచ్చి కాదు మేడం. ఆవేళ పరీక్షకి మాస్టారు బోర్డుమీద ప్రశ్నలు రాస్తున్నారు కదా. నాలుగోది సగం రాసి, వాళ్ల కళ్లముందే కూలబడ్డారు. ఆ మూడున్నర ప్రశ్నలూ ఇంకా అలాగే ఉన్నాయి. ఎవడూ తుడవడు. నన్నూ తుడవనివ్వరు."

"డస్టరు పాడైపోయిందేమో. కొత్తది ఇవ్వు."

"డస్టరు బాగానే ఉంది."

"సరే."

"అసలు ఆయన చేతిలో సుద్దముక్క పడితే చూడాలి. విసిరితే మొదటి బెంచీ దాటి, స్తంభం దగ్గర మలుపు తిరిగి, వెనకాల కునుకు తీసేవాడి ముక్కుకి తగిలేది."

"తిరగదు తాతా. సుద్దముక్క సూటిగానే పోతుంది."

"మీరు ఆయన క్లాసుకి ఎప్పుడైనా వెళ్లి చూస్తేగా? ఒకే ఇంట్లోంచి బయల్దేరేవారు, ఒకే బండిమీద వచ్చేవారు. గేటు దగ్గర దిగేసరికి మీరు మేడం, ఆయన మాస్టారు. పదకొండేళ్లు. కొత్త టీచర్లకి ఆర్నెల్లదాకా మీరు ఆలుమగలని తెలిసేదే కాదు."

"బడిలో అలాగే ఉండాలి. లేకపోతే మేడం మొగుడు కాబట్టి చెల్లిపోతోందంటారు."

"ఆ మాట ఎవరూ అనలేదులెండి. ఆయనకి పడ్డన్ని డ్యూటీలు ఇంకెవరికీ పడలేదు."

"అయిందా?"

"కాలేదు. ఇదిగో, ఈ టీచర్ల హాజరుపట్టీ. నేను తెరవకూడదు. కానీ రోజూ మోసేది నేను."

"అక్కడ పెట్టెయ్."

"ఆయన పోయిన రోజు సంతకం ఉంది. మర్నాటినుంచి రోజూ ఆయన పేరుకెదురుగా ఎర్రసిరాతో 'సెలవు' అని ఉంది. రాత మీదే."

"గుమాస్తా చూశాడా?"

"చూశాడు. చూసి పేజీ తిప్పేశాడు."

"ఏడాదికి పదిహేను సెలవులుంటాయి తాతా. ఆయన ఒక్కటీ వాడుకోలేదు."

"ఎందుకు వాడుకుంటారు? జ్వరమొస్తే జ్వరాన్ని కూడా క్లాసుకి తీసుకొచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టే మనిషి. నవ్వుతారనుకున్నాను."

"నవ్వు రావట్లేదు. ఏడుపూ రావట్లేదు. ఇంకేమైనా ఉందా?"

"మధ్యలో ఆదివారాలు తీసేసి లెక్కపెట్టాను. ఇవాళ రాసింది పదిహేనోది. రేపేం రాస్తారమ్మా?"

"ఆ కాగితం ఇటివ్వు. నీలం పెన్ను కూడా."

"ఇదిగో. ఇక్కడ కింద. తేదీ కూడా వెయ్యాలట."

"వేశాను. పోస్టు ఖాళీ. చాలా?"

"చాలు."

"టపాలో ఇచ్చెయ్. కొత్తాయన వచ్చేదాకా మూడో పీరియడ్కి నేనే వెళ్తాను. ఆ గడిలో నా పేరు రాసుకో."

"రాస్తాను. ఒక్కమాట అడుగుతాను, కోప్పడరుగా?"

"అడుగు."

"డ్రిల్లు మాస్టారు చెల్లెలి పెళ్లికి రెండ్రోజులడిగితే ఒకటే ఇచ్చారు మీరు. అలాంటి మనిషి, లేని మనిషికి పదిహేను సెలవులు ఎలా రాశారమ్మా?"

"ఆవేళ గేటు లోపలికొచ్చాక, కాగితం రాసి తెచ్చి, ఇప్పుడు నువ్వు నిలబడ్డచోటే నిలబడి అడిగారు. ఒంట్లో ఏదోలా ఉంది మేడం, ఒక్కపూట సెలవు కావాలని."

"నాకు తెలీదమ్మా. మీరేమన్నారు?"

"పదో తరగతికి పరీక్ష ఉంది, కుదరదు మాస్టారూ అన్నాను."