డాక్టర్ల మెడలు సరిజేసిన దానయ్య

పలాసలో రత్నాలమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద దానయ్య కాళ్లు మడిచి కూర్చున్నాడు. ఎదర నాగరాజు. పక్కన ఆసుపత్రి నర్సు హెలెన్ టీ చల్లార్చుకుంటోంది. దానయ్య కబుర్లు మొదలెట్టాడు.

"మొన్న ఉద్దానంలో కిడ్నీ క్యాంపు పెట్టినారా, ఢిల్లీ డాక్టరొచ్చినాడు. ఆయనకి హిందీ తప్ప రాదు, సూపించుకోడానికొచ్చినోలా ఇచ్ఛాపురం అవతల ఒడియావోలు. మజ్జిన మాట సెప్పడానికి ఎవులున్నారు? నానే. ఒక ముసిలమ్మ కూకున్నాది. డాక్టరు నా మొకం సూసి 'ఈవిడికి నొప్పెక్కడ' అనడుగుతాడు. బాబూ, నొప్పి నాక్కాదు, ఆయమ్మకి. ఆయమ్మనే సూడు, ఆయమ్మతోనే మాటాడు, ఒక్కో ముక్క సెప్పి ఆగు, నాను అందుకుంతాను అన్నాను. అలాగే సేసినాడు. అప్పుడు ముసిలమ్మ ఇంటికాడ కూడా సెప్పని మాట సెప్పీసింది. ఒళ్లునొప్పులకి కొట్లో మాత్రలు రోజూ మింగేత్తన్నాదంట. అయ్యే కిడ్నీలు పాడుసేత్తాయని ఎంటనే మానిపించినాడు."

"మంచి పనే సేసినావు మావా," అన్నాడు నాగరాజు.

"ఆ తరవాత ఏటైందో తెలుసా? డాక్టరు ఎస్టీడీ బూతులోంచి ఢిల్లీకి ఫోన్ కొట్టినాడు. మర్నాడు రైలాగితే దిగినోలంతా డాక్టర్లే, టికెట్లు సూసీవోడూ డాక్టరే. జీడితోటలో కూకోబెట్టి పాటం సెప్పినాను. అలవాటు పోదు కదా, మాటాడితే మెడ నాకేసే తిప్పుతారు. ఒక్కొక్కడి మెడకీ కొబ్బరిమట్ట కట్టీసినాను."

"ఎనకనుంచి ఎవులైనా పిలిత్తేనో?" అంది రత్నాలమ్మ.

"మడిసి మొత్తం తిరగాల. ఆలలో అమెరికా ఎల్లినోలు ఇప్పటికీ అలాగే తిరుగుతన్నారంట. ఆ తరవాత ఏటైందో తెలుసా? మాట పడిపోయినోడు ఒకడొచ్చినాడు. అంతమంది డాక్టర్లూ సేతులెత్తీసినారు. నాను ఆడి నడుంకి సెవానించినాను. కిడ్నీలు మాటాడతన్నాయి. ఎడంది ఒడియా, కుడిది తెలుగు. ఒకదాని మాట ఒకదానికి తెలక తగువు. మజ్జిన కూకుని రాజీ సేసినాను. ఆడు లేసి కేకలేత్తా ఉప్పుమూట నెత్తినెట్టుకుని నౌపడ దాకా పరిగెట్టీసినాడు."

హెలెన్ గ్లాసు కింద పెట్టింది. "మావా, ఆ క్యాంపులో నువ్వు బీపీ సూపించుకోడానికి లైన్లో కూకున్నావు కదా. ఆ డాక్టరుది ఢిల్లీ కాదు, కరీంనగరం. నీతో తెలుగే మాటాడినారు. 'ఏం తక్లీబైతాందే' అంటే, 'ఏటంతన్నాడమ్మా' అని నన్నడిగినావు. 'బాదేటని అడుగుతన్నారు' అని తెలుగులోంచి తెలుగులోకి నీకు నానే కదా సెప్పినాను."

దానయ్య టీ ఒక గుక్క తాగాడు.

"అది తెలుగా?" అన్నాడు. "నాను హిందీ అనుకున్నాను."