టీచరమ్మ చేతిరాత

బర్మాలోని పథేన్‌లో దీపాల పండుగ మర్నాడు పాత విద్యార్థులంతా కలిసి కెమిస్ట్రీ టీచరమ్మకు మోకరిల్లి మన్నింపు కోరడం ఆనవాయితీ. ఇన్నేళ్లూ మొహం చూపించని గుండె డాక్టరు న్యాన్ లిన్, ఈ ఏడు రంగూన్ నుంచి అందరికంటే గంట ముందే ఊడిపడ్డాడు.

"ఇరవై ఏడేళ్లలో ఒక్కసారీ రానివాడివి, ఇంత పెందలాడే వచ్చావేంరా? ఆకలా?"

"మిమ్మల్ని చూడాలని, టీచరమ్మా. నా బెంచీ గుర్తుందా? కిటికీ పక్కన. జల్లు కొట్టి లుంగీ తడిసిపోతున్నా మీరు పాఠం ఆపేవారు కాదు."

"రేకుల మీద వాన మోతకి నా గొంతు వినపడక మీరంతా హాయిగా కునుకు తీసేవాళ్లు."

"నేను తీయలేదు! మీ పాఠాల వల్లే నాకు మెడిసిన్‌లో సీటొచ్చింది. ఎక్కడ మాట్లాడినా మీ పేరే చెబుతాను. మొన్న పెద్ద సభలో కూడా..."

"చాల్లే, మునగచెట్టు ఎక్కించకు. ఈ పొట్లమేంటి? నువ్వూ తువ్వాలే తెచ్చావా? బీరువా నిండా తువ్వాళ్లే."

"తువ్వాలు కాదు. తర్వాత విప్పండి. అందరూ వెళ్లాక."

"ఇప్పుడే విప్పుతా."

"టీచరమ్మా, వద్దు... టీచరమ్మా!"

"ఈ నోట్సు పుస్తకం... ఇది నా చేతిరాత."

"అవును."

"నీకెక్కడిదిరా? ఒక్కటే రాశాను. ఊళ్లో జిరాక్సు కూడా లేదప్పుడు. మనిషికో వారం చొప్పున వంతులేసి ఇచ్చేదాన్ని."

"పరీక్షల ముందు ఆఖరి వారం నా పక్క బెంచీ అమ్మాయి ఓన్మార్‌ది."

"నీ వంతు అప్పటికే అయిపోయిందిగా?"

"నా వారంలో నాకు జ్వరం. తెరవనే లేదు."

"అడిగితే సరిపోయేది."

"అడిగితే మీరు... కాదు, అబద్ధం. జ్వరం లేదు, ఏం లేదు. తనకి ఎప్పుడూ నాకంటే ఎక్కువ మార్కులొచ్చేవి. అంతే. సంచి బెంచీ మీద వదిలి నీళ్ల కుండ దగ్గరికెళ్లింది. తీశాను."

"తర్వాతైనా ఇవ్వకపోయావా!"

"రేపు, రేపు అనుకున్నా. పరీక్షలైపోయాయి. తనకి నాలుగు మార్కులు తగ్గి మెడిసిన్ పోయింది. ఇంక ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?"

"ఇప్పుడు అదేం చేస్తోందో తెలుసా?"

"బడి ఎదురుగా మొహింగా అమ్ముతోంది."

"తెలుసన్నమాట. తిన్నావా ఎప్పుడైనా?"

"పొద్దున కారు ఆపాను. చేపల పులుసు వాసన రోడ్డు దాకా వచ్చింది. దిగలేకపోయాను. సిగ్గేసింది."

"ఇప్పుడు నీకేం కావాలి?"

"మీ మన్నింపు. ఇంకాసేపట్లో అందరం అంటాంగా, ఒంటితో, మాటతో, మనసుతో చేసిన తప్పులన్నీ మన్నించమని. ఆ 'అన్నీ'లో ఇదీ ఉందని మీకు తెలిస్తే చాలు. ఓన్మార్‌కి మాత్రం..."

"గుంపులో కలిపేసి చేతులు దులుపుకుందామని వచ్చావన్నమాట."

"ఇరవై ఏడేళ్లు నిద్రపట్టలేదు టీచరమ్మా."

"దాని సంచిలో తీసిన పుస్తకం తెచ్చి నాకిస్తే పడుతుందా నిద్ర? ఉండు, అదే వస్తుంది. ఏటా అందరికంటే ముందు వచ్చేది అదే."

"అయితే నేను కాసేపు బయట..."

"కూర్చోరా! ఆ పుస్తకం నా చేతిలో పెట్టకు. నీ దగ్గరే ఉంచుకో."

"టీచరమ్మా, వేడివేడి మొహింగా! గిన్నె ఇక్కడ పెడుతున్నా. అరె, ఎవరు... న్యాన్ లిన్! వాకిట్లో కారు చూసి ఏ మంత్రో అనుకున్నా! నా పక్క బెంచీ వాడు గుండెలకి ఆపరేషన్లు చేస్తాడని నా కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతాను, తెలుసా?"

"ఓన్మార్... బాగున్నావా?"

"నాకేం, రాయిలా ఉన్నా. కాస్త జరుగు, మోకరిల్లాలి. అందరూ వచ్చేలోపు నాదొకటుంది, విడిగా చెప్పుకునేది."

"ఇవాళొద్దులే తల్లీ."

"ఏటా చెప్పేదేగా, టీచరమ్మా. మీరు చేత్తో రాసుకున్న పుస్తకం ఒళ్లు తెలియకుండా ఎక్కడో పారేసుకున్నాను. ఆ తప్పు మన్నించండి."

"ఈసారి నన్నడక్కు. అటు తిరిగి డాక్టరు గారిని అడుగు. క్షమిస్తారేమో."