లిఫ్టులో తివాచీ

ఓడ పై అంతస్తులో, ఈత కొలను పక్కన భార్యాభర్తలిద్దరూ వాలుకుర్చీల్లో ఎండ కాచుకుంటున్నారు. ఎటు చూసినా సముద్రమే. ఆయన కళ్లు మూసుకున్నాడే గానీ నిద్ర పట్టలేదు.

"గదికి పోదామా అండీ?"

"పద. మెట్ల మీదుగా పోదాం."

"ఆరంతస్తులు. మీ మోకాళ్లు ఏం కావాలి?"

"కాస్త వ్యాయామం."

"ఇంట్లో మేడెక్కమంటేనే మూలుగుతారు. మూడు రోజులుగా ఏంటీ వ్యాయామం? లిఫ్టులో తివాచీ మీద ఏ వారమో రాసుంటుందనేగా?"

ఆయన కళ్లు తెరిచాడు. "నీకెలా తెలుసు?"

"రోజూ పొద్దున్నే మారుస్తారు. సెలవుల్లో జనం వారాలు మర్చిపోతారట."

"నేనూ మర్చిపోదామనే చూశాను. ఆసుపత్రి వాళ్లు నీ గడ్డ పరీక్ష రిపోర్టు గురువారం పంపుతామన్నారు కదా. ఆ పేరు కంటపడితేనే గుండె దడ."

"పొద్దున కాఫీకి నేను లిఫ్టులోనే వెళ్లాను."

"ఏం రాసుంది?"

"గురువారం."

"రిపోర్టు?"

"ఫోన్‌కి వచ్చింది. తెరవలేదు. ఒక్కదాన్నే చూడాలంటే ధైర్యం చాల్లేదు. ఫోన్ గదిలోనే పెట్టేసి వచ్చాను."

ఆయన లేచి, లిఫ్టు వైపు రెండడుగులు వేశాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"మెట్ల మీదుగానే పోదామండీ. మెల్లగా దిగుదాం."